అమెరికా కాలేజీ రన్నర్ ప్రొఫెషనల్‌గా మారాక మళ్లీ కాలేజీ తరఫున పరుగెత్తవచ్చా?

సాధారణంగా పరుగెత్తలేరు, వృత్తిపరమైన ఒప్పందంపై సంతకం చేసిన అథ్లెట్ అదే క్రీడలో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల నిర్వహణ సంస్థ) పోటీల్లో కాలేజీకి ప్రాతినిధ్యం వహించే అర్హత కోల్పోతారు. అయినా కొందరు ప్రొఫెషనల్‌గా మారేందుకు తొందరపడటానికి బలమైన కారణమే ఉంది: ట్రాక్ అథ్లెట్ల రాబడి ఎక్కువగా షూ కంపెనీల ఒప్పందాల నుంచే వస్తుంది, వాటి విలువ ఒలింపిక్స్ ముందు, మంచి ఫామ్‌లో ఉన్నప్పుడే పెరుగుతుంది. అయితే ర్యాంకు పడిపోతే చెల్లింపు తగ్గించే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. సంతకానికి ముందు తప్పక చదవాల్సింది దాన్నే. ఉదాహరణకు, టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ తరఫున ఒకే సీజన్ పరుగెత్తిన అమెరికా రన్నర్ అతింగ్ మూ 2021 జూన్‌లో ప్రొఫెషనల్‌గా మారి, ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ 800 మీటర్ల స్వర్ణం గెలిచారు. ప్రొఫెషనల్ అయితే చదువు మానేయాల్సిందేనన్నది అపోహ, డిగ్రీ కొనసాగించవచ్చు. పైగా 2021 జులై నుంచి, ప్రొఫెషనల్‌గా మారకుండానే, తమ పేరుతో వచ్చే ప్రకటనల ఆదాయాన్ని కాలేజీ అథ్లెట్లు తీసుకోవచ్చు.