మినిట్స్ బుక్కు చూసి రాసెయ్యకు

చెల్లీ,

సహకార పాలన, అంటే సర్కారూ జనమూ కలిసి కూర్చుని నిర్ణయాలు తీసుకునే పద్ధతి, దాని పరిశోధనల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి రెండు పేజీల నిండా నిర్వచనాలే, తీసి అవతల పారెయ్. ఆన్సెల్, గాష్ అనే పరిశోధకులు 2008లో 137 ఉదంతాలు జల్లెడ పట్టి రాసిన పేపర్ని అందరిలాగే నువ్వూ ఉదహరించావు, బాగానే ఉంది. కానీ అందులో నీకు అక్కరకొచ్చే ముక్కే వదిలేశావు: పెద్ద రైతూ చిన్న రైతూ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నంత మాత్రాన సమానమైపోరు, ఆ తేడాని ముందే సరిచెయ్యకపోతే చర్చంతా బలమున్నవాడి చేతిలోకి పోతుందన్నది. ఆ తర్వాతి పరిశోధన కూడా, అందరూ కూర్చుని మాట్లాడుకున్నారా అన్నదగ్గర ఆగకుండా, మాట్లాడుకున్నాక ఎవరికి ఏం ఒరిగిందని అడగడం మొదలెట్టింది.

దీనికి మన గోదావరి డెల్టాని మించిన చోటుందా? కాలువల నిర్వహణని రైతులకి అప్పజెప్పే 1997 చట్టంతో ఉమ్మడి రాష్ట్రంలో పదివేలకు పైగా నీటి సంఘాలు పుట్టాయి. ఓటు మాత్రం భూమి యజమానికి, లేదా రికార్డుకెక్కిన కౌలుదారుకి. మన వైపు కౌలు చాలావరకు నోటిమాటే కదా, అందుకని చేలో దిగేవాడికి ఓటుండదు, ఓటున్నాయన హైదరాబాద్‌లో ఉంటాడు. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే, నువ్వేమో దీన్ని పదకొండో పేజీలో ఒక్క లైనులో తేల్చేశావు.

నేపాల్ కాలువల మీద ఉమ్మడి వనరుల పరిశోధకురాలు ఎలినోర్ ఆస్ట్రమ్ బృందం చేసిన పని చదువు. రైతులు సొంతంగా కట్టుకుని నడుపుకున్న కాలువల్లో శివారుకి, అంటే కాలువ చివరి పొలాలకి, నీళ్లు బాగా అందాయి. అయితే దాన్ని తెచ్చి ఇక్కడ అంటించకు, మనది 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట కింద సర్కారు తవ్వించిన కాలువల వ్యవస్థ. కట్టిందొకరు, వాడేది ఇంకొకరు. సంఘాలు ఆ తర్వాత ఎప్పుడో పైనుంచి వచ్చాయి.

దాళ్వా (రెండో పంట) చివర్లో నీళ్లకి వంతులు పెట్టినప్పుడు శివారు ఊళ్లకి పోయి చూడు. అర్ధరాత్రి ఆయిలింజను పెట్టుకుని డ్రెయిన్లోంచి నీళ్లు తోడుకునే కౌలు రైతు కనిపిస్తాడు. సంఘం ప్రెసిడెంటు ఎవరని అడిగి, డీజిలుకి ఎంతయిందో కూడా రాసుకో. సంఘం మినిట్స్ బుక్కు ఆ తర్వాత తెరువు, అన్నీ 'ఏకగ్రీవం' అనే ఉంటాయిలే.

కాలువ తూములు ఎత్తీ దించే లష్కరుని కూడా కదుపు. ఏ తూము ఎవరి మాట మీద లేస్తుందో ఆయనకి తెలిసినంత ఇంజినీర్లకి కూడా తెలీదు. పేరు, ఊరు మాత్రం వ్యాసంలో పెట్టకు, ఉద్యోగానికే ఎసరొస్తుంది.