ఫోర్‌వీల్ జీపు గేరు మళ్లీ జారుతోంది: షెడ్డుకు కట్టిన డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర ఒక గ్రామం. ఏడెకరాల రొయ్యల చెరువులు నేనే చూసుకుంటాను, సాయానికి ఒక కుర్రవాడు ఉన్నాడు. గట్ల మీదికి మేత బస్తాలు చేర్చడానికి పాత ఫోర్‌వీల్ జీపు వాడుతున్నాను. ఫోర్-లో (4L, ఫోర్‌వీల్‌లో తక్కువ వేగపు గేరు) వేసి గట్టు ఎక్కుతుంటే చిన్న లీవరు దానంతటదే న్యూట్రల్‌లోకి వచ్చేసేది. భీమవరంలో ఒక షెడ్డువారు ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే గేరు పెట్టె) విప్పి, ఫోర్కు, స్ప్రింగులు మార్చామని 38,500 రూపాయలు తీసుకున్నారు. చేతిరాత చిట్టీ ఇచ్చారు, తీసేసిన సామాను ఇవ్వలేదు. రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ జారింది, బండి వెనక్కి దొర్లి కాలువ అంచున ఆగింది. ఇప్పుడు గేర్ సెట్ మొత్తం మార్చాలి, 52,000 అవుతుందంటున్నారు. తప్పు నా డ్రైవింగ్‌దేనట. నేను వద్దన్నందుకు, చూసిన కూలి 4,000 కట్టనిదే బండి వదలమంటున్నారు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ మీ ఉత్తరం చదివాక నాకు ముందు తోచిన మాట కేసు గురించి కాదు. ఆ ట్రాన్స్‌ఫర్ కేస్‌ను ఇకమీదట మీరు ఎదురుగా లేకుండా ఎవరూ విప్పకూడదు. మీ కేసుకు సాక్ష్యమంతా ఆ పెట్టెలోనే ఉంది, ఒకసారి విప్పి కడిగి బిగించేశాక అందులో ఏ భాగం పాతదో ఏది కొత్తదో ఎవరూ చెప్పలేరు.

అవతలి పక్షం లేవనెత్తే మొదటి అభ్యంతరం, చెరువులు వ్యాపారం కాబట్టి మీరు వినియోగదారు కారని. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(7) వాణిజ్య ప్రయోజనాన్ని మినహాయించిన మాట నిజమే అయినా, స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం మాత్రమే చేసుకునే వాడకం ఆ మినహాయింపు కిందికి రాదని అదే సెక్షన్‌లోని వివరణ చెబుతోంది. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు, కొన్న వాహనాన్నో యంత్రాన్నో తానే నడుపుకునే మనిషి ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన వినియోగదారు కాకుండా పోడని స్పష్టం చేసింది. కాబట్టి కుర్రవాడి సంగతి దాచవద్దు. జీపును కిరాయికి తిప్పుతూ ఉంటే మాత్రం నా సమాధానం ఇంత ధీమాగా ఉండేది కాదు.

అసలు చిక్కు రుజువు దగ్గర ఉంది. సేవాలోపం జరిగిందని చూపించే బాధ్యత ఫిర్యాదుదారుదే, గేరు మళ్లీ జారిందన్న ఒక్క సంగతితో ఆ రుజువు పూర్తి కాదు. ఎందుకో చెప్పాలంటే పెట్టె లోపలికి కాస్త వెళ్లాలి. లీవరు కదిపినప్పుడు ఫోర్కు ఒక స్లీవ్‌ను జరిపి గేరు పళ్లలో కూర్చోబెడుతుంది, అది అక్కడే నిలిచేలా ఫోర్కు షాఫ్టు గాడిలో ఒక స్టీలు గుండును స్ప్రింగు నొక్కిపెడుతుంది. ఫోర్కు అరిగినా, స్ప్రింగు సడలినా, పళ్ల అంచులు గుండ్రబడినా గేరు నిలవదు. ఇవి లోపలి కారణాలు. బయట రెండున్నాయి: లీవరు రాడ్డు సరిగా అడ్జస్ట్ చేయకపోతే స్లీవ్ చివరిదాకా వెళ్లక సగంలోనే ఆగుతుంది, గేర్‌బాక్స్ కింది రబ్బరు మౌంటింగులు చచ్చిపోతే బరువు మీద ఎక్కేటప్పుడు పెట్టె మెలితిరిగి లీవరును వెనక్కి లాగుతుంది. ఈ బయటి రెంటినీ చూడకుండా లోపల కొత్త ఫోర్కు వేస్తే, సగం కూర్చున్న గేరు ఆ కొత్త ఫోర్కునూ తినేస్తుంది. రెండు నెలల్లో జరిగింది ఇదేనని తేలితే, చేయవలసిన తీరులో పని చేయలేదన్నమాట, సెక్షన్ 2(11) చెప్పే లోపం అదే. అసలు ఫోర్కే మార్చలేదని బయటపడితే మీ కేసు ఇంకా గట్టిపడుతుంది.

మీ డ్రైవింగ్ మీద వేసిన నిందను తేలిగ్గా తీసుకోవద్దు. ఇలాంటి జీపును తారురోడ్డు మీద ఫోర్‌వీల్‌లో నడిపితే ముందు, వెనుక చక్రాల తిరుగుడులోని తేడాకు జారుకునే వీలు లేక ట్రాన్స్‌ఫర్ కేస్ బిగుసుకుంటుంది, వేర్వేరు సైజు టైర్లున్నా అంతే. తడి గట్టు మట్టిలో టైరు జారుతుంది కాబట్టి ఆ ఒత్తిడి నిలవదు. నాలుగు టైర్ల సైజులూ కనిపించేలా ఇప్పుడే ఫొటోలు తీసి ఉంచండి.

ఇక 4,000 సంగతి. మరమ్మతు చేసినవారికి ఆ పని కూలి అందేవరకు వస్తువును తమ దగ్గర ఉంచుకునే హక్కును భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ఇస్తోంది. ఆ హక్కు మీరు చేయమన్న పనికే గాని, వారు చేస్తామంటున్న 52,000 పనికి వర్తించదు. చూడమని మీరే చెప్పి ఉంటే ఆ కూలి ఇవ్వాల్సిందే. అయినా వాదనకు దిగి రోజులు పోగొట్టుకోవడం కంటే, అభ్యంతరంతో కడుతున్నానని రాసి, యూపీఐ ద్వారా చెల్లించి బండి తెచ్చుకోవడం మేలని నా అభిప్రాయం. మారు తాళంతో రాత్రిపూట తోలుకొచ్చేద్దామని మాత్రం అనుకోవద్దు: బాకీ కింద ఉంచుకున్న గడియారాన్ని బాగుచేసేవాడి దగ్గరి నుంచి సొంతదారే తీసుకుపోతే అది దొంగతనమని పీనల్ కోడే ఉదాహరణగా చెప్పింది, కొత్త న్యాయ సంహితలోనూ ఆ ఉదాహరణ ఉంది. బండి తెచ్చాక దాన్ని గేరులో పెట్టి ఆపకండి. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లోకి జారితే మెయిన్ గేరు చక్రాలను పట్టదు, హ్యాండ్‌బ్రేకుతో పాటు చక్రం కింద రాయి పెట్టండి.

తరువాత షెడ్డువారికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఫలానా తేదీన ఫలానా మెకానిక్ దగ్గర పెట్టె విప్పిస్తున్నామని, వచ్చి చూసుకోవచ్చని అందులో రాయండి. వారు రాకపోయినా పిలిచిన సంగతి రికార్డులో ఉంటుంది. ఆ రోజు విప్పడం మొదలుకొని వీడియో తీయించండి, భాగాలను కడగకముందే ఫొటోలు తీయించండి, పాత సామాను సంచిలో సీలు వేసి దాచండి. ఆ మెకానిక్ ప్రమాణపత్రం ఇస్తే మీ ఫిర్యాదుకు వెన్నెముక అదే. చేతిరాత చిట్టీని పారేయకండి. సరైన బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటి, పైగా డబ్బు పుచ్చుకున్నారనడానికి ఆ చిట్టీయే ఆధారం.

నోటీసుకు కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి రాజీకి ప్రయత్నించవచ్చు, లేదా నేరుగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుదారు నివాసం ఉన్న చోటి కమిషన్‌కు కూడా విచారణాధికారం ఉంది. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. 38,500 వాపసు, వేరే బండి కిరాయిలు రసీదులతో సహా, మానసిక వేదనకు సబబైన మొత్తం అడగండి. మేత అందక రొయ్యలు పోయాయని లక్షలు కలిపితే, ఆ నష్టానికీ గేరుకూ నేరుగా సంబంధం చూపలేక మిగిలిన కోరికలు కూడా తేలిపోతాయి. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, దాన్ని రెండోసారి జారిన రోజు నుంచి కాక, మొదటి మరమ్మతు తరువాత బండి చేతికి వచ్చిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి.