నొప్పి లేని పళ్ళకు ఫిల్లింగ్ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 24. మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్‌లో ఉండి బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. పళ్ళు క్లీన్ చేయించుకుందామని వెళితే ఐదు పళ్ళు పుచ్చాయి, ఫిల్లింగ్ పెట్టాలన్నారు. ఒక దవడ పన్ను సందులో ఆహారం ఇరుక్కుంటుంది గానీ నాకు ఎక్కడా నొప్పి లేదు. ముందు పళ్ళ మీద చిన్నప్పటి నుంచీ గోధుమ రంగు మచ్చలున్నాయి. ‘నొప్పి వచ్చినప్పుడు చూద్దాంలే, ఒకసారి చెయ్యి పెడితే పళ్ళన్నీ పాడవుతాయి’ అంటున్నారు ఇంట్లో. అమ్మకి ఎప్పుడో పెట్టిన సిల్వర్ ఫిల్లింగ్ ఇంకా గట్టిగానే ఉంది. నాకూ అదే మంచిదా? టీ రోజుకు ఐదారుసార్లు తాగుతాను. ఈ వయసుకే ఐదు పళ్ళంటే చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నొప్పి వచ్చేదాకా మాత్రం ఆగకండమ్మా. పన్ను పైపొర ఎనామిల్‌లో నరాలు ఉండవు. పుచ్చు ఆ పొరలో ఉన్నంతకాలం మీకు ఏమీ తెలియదు. అది దాటి లోపలి డెంటిన్‌లోకి దిగాక చల్లనిదో తియ్యనిదో తగిలినప్పుడు జివ్వుమంటుంది, కొందరికి అదీ ఉండదు. డెంటిన్ మెత్తన కాబట్టి అక్కడి నుంచి పుచ్చు త్వరగా పాకుతుంది. పైకి సూదిమొనంత రంధ్రం కనిపిస్తూ లోపలంతా డొల్లయిపోయిన పళ్ళు మేం తరచూ చూస్తుంటాం. రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని పోటు మొదలైందంటే పుచ్చు నరం దాకా చేరినట్టే. అప్పుడిక ఫిల్లింగ్ సరిపోదు. రూట్ కెనాల్ చేసి, అంటే పాడైన నరం తీసి లోపల శుభ్రం చేసి, పైన క్యాప్ అనే తొడుగు వేయాలి, ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంత ఖర్చు పెట్టలేక పన్ను పీకించుకుని వెళ్ళిపోయే పాతికేళ్ళ పిల్లల్ని చూస్తే ఎంతో బాధనిపిస్తుంది. ముందే వస్తే ఒక్కసారి కూర్చుంటే అయిపోయే పని అది.

అయితే ఐదింటికీ వెంటనే ఫిల్లింగ్ పెట్టించుకోమని నేను చెప్పను. నమలే పళ్ళ మీది గీతల్లో నలుపు కనిపించిన ప్రతిసారీ అది పుచ్చే అవ్వాలని లేదు. గట్టిగా ఉండి, దాని కింద ఎనామిల్‌లోంచి నల్లటి నీడ కనిపించకపోతే అది ఉత్త మరకే కావచ్చు. ఎనామిల్ ఇంకా విరగకుండా తెల్లటి మచ్చగా మాత్రమే ఉన్న తొలిదశ పుచ్చు పళ్ళకు పూసే ఫ్లోరైడ్ వార్నిష్ మందుతో, సరైన బ్రషింగ్‌తో అక్కడే ఆగిపోవచ్చు, కొంత వెనక్కి కూడా మళ్ళవచ్చు. రంధ్రం పడ్డ పన్ను మాత్రం తనంతట తాను పూడదు. కాబట్టి ఏ పన్ను ఏ దశలో ఉందో అద్దంలో చూపించమని మీ డెంటిస్టును అడగండి. పళ్ళ సందుల్లోని పుచ్చు కంటికి సరిగా కనపడదు, దానికి బైట్‌వింగ్ అనే చిన్న ఎక్స్‌రే తీయాలి. ఇలా అడిగితే డాక్టరు ఏమైనా అనుకుంటారేమోనని మొహమాటపడకండి. ఇంకా అనుమానం ఉంటే గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్) దంత విభాగంలో గానీ, విజయవాడ ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రిలో గానీ మరోసారి చూపించుకోండి.

చెయ్యి పెడితే పళ్ళన్నీ పాడవుతాయన్న భయం చాలా ఇళ్ళలో ఉంది. నిజానికి ఒక పన్నుకు ఫిల్లింగ్ పెడితే పక్క పళ్ళు పుచ్చవు, తీపి అలవాటు మారకపోతే పుచ్చుతాయి. అవసరమైతే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి కుళ్ళిన భాగం తీసేస్తారు, ఆ ఖాళీని మెటీరియల్‌తో నింపుతారు. మత్తు రెండు మూడు గంటలు ఉంటుంది, ఆలోపు ఏమైనా తింటే తెలియకుండానే బుగ్గ కొరుక్కుంటారు. కొన్నాళ్ళు చల్లటి నీళ్ళకు జివ్వుమనడం మామూలే. ఫిల్లింగ్ ఎత్తుగా తగులుతుంటే మాత్రం ‘అదే సర్దుకుంటుందిలే’ అనుకోకుండా వెళ్ళి అరగదీయించుకోండి, లేకపోతే ఆ పన్ను నొప్పి పెడుతుంది.

మీ అమ్మగారికి పెట్టిన సిల్వర్ ఫిల్లింగ్‌ను అమాల్గమ్ అంటారు. అందులో దాదాపు సగం పాదరసం. గట్టిది, చాలా ఏళ్ళు మన్నుతుంది. పాదరసం పర్యావరణానికి చేసే హాని వల్ల ప్రపంచమంతా దాన్ని తగ్గిస్తోంది, యూరోపియన్ యూనియన్ 2025 జనవరి నుంచి దాదాపుగా ఆపేసింది. అమ్మగారికి ఇబ్బంది లేకపోతే దాన్ని తీయించాల్సిన పని లేదు. మీకు పంటి రంగులో ఉండే కాంపోజిట్ సరిపోతుంది. నీలి కాంతితో దాన్ని అక్కడికక్కడే గట్టిపరుస్తారు. సరిగ్గా పెడితే చాలా ఏళ్ళు ఉంటుంది గానీ శాశ్వతం కాదు, అంచుల్లో మళ్ళీ పుచ్చు మొదలవకుండా ఏటా చూపించుకోవాలి.

ఇక అసలు కారణం మీ టీలో ఉంది. పంచదార నోట్లో పడగానే బ్యాక్టీరియా దాన్ని పన్నును కరిగించే ఆమ్లంగా మారుస్తుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని తగ్గించడానికి అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. చదువుకుంటూ గుక్కగుక్కగా ఐదారుసార్లు తాగితే, మధ్యలో బిస్కెట్లు కూడా తింటే, పన్ను కోలుకునే తీరికే ఉండదు. రోజు మొత్తంలో ఎంత పంచదార తిన్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నారన్నదే పళ్ళకు ముఖ్యం. పంచదార వేసిన టీ రెండుసార్లకు తగ్గించండి, మిగతావి పంచదార లేకుండా తాగండి. నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది. అందుకే రాత్రి బ్రష్ చేశాక నీళ్ళు తప్ప ఏదీ వద్దు.

ముందు పళ్ళ మచ్చలు పుచ్చు కాకపోవచ్చు. కనిగిరి ప్రాంతంలో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి చాలామందికి చిన్నతనంలో పళ్ళు తయారయ్యేటప్పుడే ఆ మచ్చలు పడతాయి. అందుకని భయపడి ఫ్లోరైడ్ పేస్టు మానేసేవాళ్ళున్నారు, అది పొరపాటు. 24 ఏళ్ళకు పేస్టు వల్ల కొత్తగా మచ్చలు రావు. 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రెండుపూటలా తోముకోండి. తోమాక ఉమ్మేయండి చాలు, నీళ్ళతో మరీ పుక్కిలిస్తే ఫ్లోరైడ్ అంతా కొట్టుకుపోతుంది.

ఈ వయసుకే ఐదంటే పళ్ళన్నీ పోతాయని కాదు, సిగ్గుపడాల్సిందీ లేదు. ఇల్లు వదిలి హాస్టల్‌కు వచ్చాక ఇలా అయ్యేవాళ్ళు ఎందరో. ఆహారం ఇరుక్కునే ఆ దవడ పన్నుకు ఈ వారమే ఎక్స్‌రే తీయించండి. అది లోతుగా ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి ముందు దాని పని చూడండి. మిగతావాటిలో రంధ్రం పడ్డవాటికి ఒకటి రెండు వారాల తేడాతో పెట్టించుకోండి. పడనివాటిని ఆరు నెలల తర్వాత మళ్ళీ చూపించుకుంటే సరిపోతుంది.