ఓవర్‌పైతో విశాఖ ఆసుపత్రుల జాబితా: సగమే రావడం, 429 ఎర్రర్

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: అందరూ కలిసి గీసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి విశాఖ ఆసుపత్రుల పేర్లు, లొకేషన్లు పైథాన్‌లో ఓవర్‌పై లైబ్రరీతో తెస్తున్నారు. నోడ్లు (మ్యాప్‌లో చుక్కలు) అడిగితే పెద్ద ఆసుపత్రులు రావట్లేదు. వే ఎలిమెంట్లు (చుక్కలు కలిపిన గీతలు) కూడా అడిగితే కాసేపటికి 429 పడుతోంది, అంటే రిక్వెస్టులు మరీ ఎక్కువయ్యాయని సర్వర్ ఆపేస్తోంది.

లైబ్రరీ మార్చక్కర్లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాని వెతికి ఇచ్చే ఓవర్‌పాస్ సర్వర్‌కి క్వెరీ పంపడం, వచ్చిన జవాబును పైథాన్ ఆబ్జెక్టులుగా మార్చి ఇవ్వడం, ఓవర్‌పై చేసేది అంతే. తేడా అంతా క్వెరీలోనే ఉంది.

మ్యాప్‌లో చిన్న ఆసుపత్రి ఒక చుక్కగా, అంటే నోడ్‌గా ఉంటుంది. కేజీహెచ్, విమ్స్ లాంటి పెద్ద ప్రాంగణాలకు మామూలుగా ప్రహరీ వెంట హద్దు గీస్తారు. అది వే అవుతుంది, ఒక్కోసారి రిలేషన్ (కొన్ని ఎలిమెంట్లు కలిపిన గుంపు). అందుకే క్వెరీలో నోడ్ అని ఉన్నచోట ఎన్‌డబ్ల్యూఆర్ (nwr) అని రాయండి, నోడ్, వే, రిలేషన్ మూడూ వస్తాయి. అది ఏ రకం చోటో చెప్పే ఎమెనిటీ ట్యాగ్‌లో హాస్పిటల్‌తో పాటు క్లినిక్‌ని కూడా అడగండి.

ఇక 429 సంగతి. వే జవాబులో ఉండేది దాని నోడ్ల నంబర్లే, అక్షాంశ రేఖాంశాలు ఉండవు. వే నోడ్లను ఇచ్చే గెట్ నోడ్స్ ఫంక్షన్‌ని పిలిస్తే డేటా ఇన్‌కంప్లీట్ అంటుంది. అది పోవడానికి ఆ ఫంక్షన్‌లో రిజాల్వ్ మిస్సింగ్ ఆప్షన్‌ని ట్రూ చేస్తే, లూప్‌లో ఒక్కో వేకి ఒక్కో కొత్త క్వెరీ సర్వర్‌కి వెళ్తుంది. 429 అక్కడే పుడుతోంది. లొకేషన్ చాలనుకుంటే క్వెరీ చివర అవుట్ పక్కన సెంటర్ అని చేర్చండి. వే, రిలేషన్ రెండింటికీ సెంటర్ లాట్, సెంటర్ లాన్ (మధ్య బిందువు అక్షాంశం, రేఖాంశం) అదే జవాబులో వస్తాయి. మొత్తం పని ఒక్క రిక్వెస్ట్‌తో అయిపోతుంది.

ఏరియాని పేరుతో వెతక్కండి. విశాఖపట్నం నగరం పేరు, జిల్లా పేరు కూడా. పైగా 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాక జిల్లా హద్దే మారింది. బౌండింగ్ బాక్స్ (నాలుగు వైపుల హద్దు ఇచ్చే చతురస్రం లాంటి పెట్టె) ఇవ్వడం మేలు: 17.60, 83.10, 17.92, 83.48. కూర్మన్నపాలెం, గాజువాక నుంచి భీమిలి దాకా ఇందులోకి వస్తాయి. వరస దక్షిణం, పడమర, ఉత్తరం, తూర్పు. జియోజేసన్ అనే మ్యాప్ డేటా ఫార్మాట్ అలవాటులో రేఖాంశం ముందు రాస్తే, మీరు స్వాల్‌బార్డ్‌కి ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో ఆసుపత్రులు అడిగినట్టు. ఎర్రర్ రాదు, ఖాళీ జాబితా వస్తుంది. ఇది పట్టుకోవడమే కష్టం.

టైమౌట్ చెప్పకపోతే సర్వర్ 180 సెకన్లు అనుకుంటుంది. ఈ క్వెరీకి 25 చాలు. తక్కువ అడిగిన క్వెరీని రద్దీ వేళ కూడా సర్వర్ తొందరగా తీసుకుంటుంది. ఓవర్‌పై తనంతట తాను మళ్లీ ప్రయత్నించదు, మ్యాక్స్ రీట్రై కౌంట్ డిఫాల్ట్ సున్నా. దాన్ని 3 చేసి, రీట్రై టైమౌట్ (మళ్లీ ప్రయత్నించే ముందు ఆగే సమయం) 30 సెకన్లు పెట్టండి. డిఫాల్ట్‌గా ఉన్న ఒక్క సెకను 429కి ఏమూలకూ చాలదు. 400 వస్తే మాత్రం రీట్రై దండగ, క్వెరీలో ఎక్కడో సెమీకోలన్ పోయి ఉంటుంది.

ఫైల్‌లో దాచేటప్పుడు లాట్, లాన్‌లను ఫ్లోట్ చేయండి. ఓవర్‌పై ఇచ్చేది డెసిమల్, జేసన్ దాన్ని తీసుకోదు. తెలుగు పేరు నేమ్ కోలన్ టీఈ ట్యాగ్‌లో ఉంటుంది, లేనిచోట నేమ్ తీసుకోండి. జేసన్ రాసేటప్పుడు ఎన్ష్యూర్ ఆస్కీ ఫాల్స్ ఇవ్వకపోతే తెలుగు అక్షరాల బదులు కోడ్ నంబర్లు పడతాయి, ఫైల్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 కూడా ఇవ్వండి. వచ్చిన జాబితాని ఫైల్‌లోంచే వాడుకోండి. ఆసుపత్రులు రోజూ మారవు, ఆ సర్వర్ అందరికీ ఉచితంగా నడుస్తోంది. యాప్‌లో పెడితే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్ల పేరు చూపించడం తప్పనిసరి.

ఒకే ఆసుపత్రికి చుక్క, హద్దు రెండూ ఉంటే జాబితాలో రెండుసార్లు వస్తుంది. పేరు ఒకటే అయి, దూరం 200 మీటర్లలోపు ఉంటే హద్దు ఉన్నదాన్నే ఉంచండి. మ్యాప్‌లోంచి ఫోన్ నంబర్లు కూడా తీసుకుంటే, ఒక్కొక్క నంబరుకూ ఫోన్ చేసి చూశాకే యాప్‌లో పెట్టండి. అత్యవసరంలో ఉన్నవాళ్లు నొక్కే బటన్ అది.