ముందు ఆ నాజిల్స్ కొనివ్వండి

ప్రశ్న: మా బాబు పాలిటెక్నిక్‌లో ఈసీఈ చేశాడు. ఏడాదిగా హన్మకొండలో ఒక సెల్‌ఫోన్ రిపేర్ షాపులో ఉంటున్నాడు. ఇప్పుడు హాట్ ఎయిర్ మిషన్‌కు నాజిల్స్ కొనాలని డబ్బులడుగుతున్నాడు. అవి కొనివ్వాలా, అమీర్‌పేటలో ఏఐ కోర్సులో చేర్పించాలా సార్?
– ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: పాలిటెక్నిక్ అయ్యాక ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరడానికి రాసే ఈసెట్ సంగతి ఈపాటికి మీకు పదిమంది చెప్పే ఉంటారు, వదిలేద్దాం. మీ టెన్షన్ నాజిల్ ఖర్చు గురించి కాదు. పెళ్లిళ్లలో ఎవరైనా "మీవాడు ఏం చేస్తున్నాడు" అని అడిగితే, "ఫోన్లు బాగు చేస్తున్నాడు" అనడానికి మీకు నోరు రావడం లేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు.

ఏఐ కోర్సంటే నాకు అనుమానమే. లెక్కలూ ప్రోగ్రామింగూ గట్టిగా రానివాడికి మూడు నెలల్లో చేతికొచ్చేది సర్టిఫికెట్టు ఒక్కటే. డెమో క్లాసులో పెద్ద ప్యాకేజీ చూపిస్తే, అది వచ్చినవాడు అంతకుముందు ఏం చదివాడో అడిగి చూడండి. అసలు మీవాడు ఎప్పుడైనా సరదాకైనా కోడ్ రాశాడా? ఆ కోర్సు అడిగింది వాడా, మీరా? వాడు నోరు తెరిచి అడిగింది నాజిల్స్. అదేమిటో ఒక్కసారైనా కనుక్కున్నారా?

ఫోన్ బోర్డు మీద విడిభాగాలను అతికించే సోల్డర్‌ను, అంటే టంకాన్ని, వేడిగాలి ఊది కరిగించేది హాట్ ఎయిర్ మిషన్. ఆ గాలి గొట్టానికి తొడిగే మూతే నాజిల్. మొన్న ఒక షాపులో చూశాను. కుర్రాడు సన్నమూతి నాజిల్ పెట్టి గాలి ఫుల్లుగా తిప్పాడు. తూర్పార పట్టేటప్పుడు పొల్లు లేచినట్టు, నువ్వుగింజ కన్నా చిన్న కెపాసిటర్లు ఎగిరిపోయాయి. మూతి సన్నమైతే గాలి దూకుడు పెరుగుతుంది, అప్పుడు నాబ్ తగ్గించాలి. అక్కడే వెడల్పు మూతి పెడితే పక్కనున్న చార్జింగ్ పోర్టు ప్లాస్టిక్ మెత్తబడుతుంది. పెద్ద ఐసీకి, అంటే చిప్‌కు మాత్రం వెడల్పుదే కావాలి, కాళ్లన్నీ ఒకేసారి వేడెక్కాలి కాబట్టి. ఒకవైపు కరగకముందే లేపితే బోర్డు మీద ఆ కాలు అతికే రాగి బిళ్ల, ప్యాడ్ అంటారు, ఊడొస్తుంది. సీసం కలిసిన మామూలు సోల్డర్ 183 డిగ్రీలకు కరుగుతుంది, ఇప్పటి ఫోన్లలో ఉండే సీసం లేనిది 217 దాటాలి. మిషన్ మీద 350 కనిపించినా బోర్డుకు అంత చేరదు. ఆ తేడా చేతికి తెలియాలి. మీవాడు నేర్చుకుంటున్నది అదే.

షాపులోనే ఉండిపోతాడన్న భయం వద్దు. హైదరాబాద్ శివార్లలో రావిర్యాల, మహేశ్వరం వైపు ఎలక్ట్రానిక్స్ యూనిట్లున్నాయి. బోర్డుల తయారీలో పాడైనవాటిని సరిచేసే రీవర్క్ పనికి కావలసింది ఈ చెయ్యే. మొదట్లో జీతం గొప్పగా ఉంటుందని మాత్రం చెప్పను.

నలభై ముక్కల సెట్టు వద్దు. 3, 5, 8, 10 మిల్లీమీటర్లవి నాలుగు చాలు. కొనేముందు షాపులోని మిషన్ హ్యాండిల్ గొట్టం కొలత చూసుకోమనండి. పట్టకపోతే మార్చుకోవడానికి మళ్లీ తిరగాల్సి వస్తుంది.