కింది ఫ్లాట్ సిగరెట్ పొగ మా పాప గదిలోకి వస్తోంది... ఎలా చెప్పాలి?

ప్రశ్న: కింది ఫ్లాట్‌లో ఉండే అంకుల్ రోజూ రాత్రి భోంచేశాక బాల్కనీలో నిలబడి సిగరెట్లు కాలుస్తారు. ఆ పొగంతా మా పడకగదిలోకి వస్తుంది. బాత్రూమ్‌లో కూడా అదే వాసన. పాపకు నాలుగేళ్లు, తరచూ పిల్లికూతలు వస్తుంటాయి. ఆంటీ, అంకుల్ మాతో చాలా బాగుంటారు. నాకు పని పడితే పాపను వాళ్లే చూసుకుంటారు. చెబితే సంబంధాలు చెడిపోతాయేమోనని భయం. కోపం వచ్చినప్పుడు కిటికీ దబ్బున వేస్తాను, అయినా ఆయనకు అర్థం కాదు. మావారేమో ‘ఆయనింట్లో ఆయన కాల్చుకుంటే మనమేం అంటాం? కాస్త వాసనేగా, కిటికీ మూసెయ్’ అంటారు. రాత్రయితే చాలు, టెన్షన్ మొదలవుతోంది.

జవాబు: కిటికీ దబ్బున వేస్తే కింద ఉన్నాయనకు వినపడేది గాలికి తలుపు కొట్టుకున్న చప్పుడే. మీరు ఇన్నాళ్లూ కోపం తెచ్చుకున్నారు, బాధపడ్డారు, మీవారితో వాదించారు. తెలియాల్సిన మనిషికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

అసలు ఆయన బాల్కనీలోకి ఎందుకు వస్తున్నట్టు? బహుశా ఇంట్లోవాళ్లకు పొగ తగలకూడదనే. ఆరుబయట కాలిస్తే గాలిలో కలిసిపోతుందని చాలామంది నమ్మకం. వేడి పొగ పైకి లేచి మీ కిటికీలో దూరుతుందన్న సంగతి కింద నిలబడి కాల్చేవాళ్లకు కనపడదు. మీ పాపను ఎత్తుకు తిప్పే మనిషి, తెలిసి తెలిసి ఆ బిడ్డ గదిలోకి పొగ వదులుతారని నాకైతే అనిపించడం లేదు.

మీవారి మాటలో సగం న్యాయం ఉంది. అంకుల్‌ను అలవాటు మానమనడం మన పని కాదు. కానీ ‘కాస్త వాసనేగా’ అన్నది మాత్రం తప్పు. సిగరెట్ పొగలో 7 వేలకు పైగా రసాయనాలుంటాయి. వాటిలో 70 దాకా క్యాన్సర్ కలిగించగలవి. ఈ పొగ ఇంతవరకైతే పీల్చినా ఫర్వాలేదన్న మోతాదంటూ లేదని అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రతినిధి అయిన సర్జన్ జనరల్ నివేదిక 2006లోనే తేల్చి చెప్పింది. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇది ఆయాసం రేపుతుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు, అడగడానికి మొహమాటపడాల్సిన విషయం కాదని చెబుతున్నాను.

ఇక ఎలా అడగాలి? ఆయన సిగరెట్ చేతిలో పట్టుకుని ఉన్నప్పుడు వద్దు, మీరు కోపంగా ఉన్నప్పుడు అసలే వద్దు. సెలవు రోజు తీరిగ్గా ఉన్నప్పుడు వెళ్లండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పేరు లేకుండా పెట్టినా, అది ఎవరి గురించో అందరికీ తెలిసిపోతుంది. ఆంటీతో చెప్పించాలని కూడా అనిపిస్తుంది, ఆడవాళ్లం కాబట్టి అది తేలిక. కానీ ఆ మాట ‘చూశారా, పైవాళ్లు కూడా అంటున్నారు’ అంటూ ఆయన్ను దెప్పడానికి పనికొస్తుంది. అప్పుడు ఆయనకు కోపం వచ్చేది మీ మీదే.

మాట ఇలా ఉంటే చాలు: ‘అంకుల్, ఒక సాయం అడుగుదామని వచ్చాను. మీకు తెలిసుండదు, రాత్రి మీరు బాల్కనీలో సిగరెట్ కాలిస్తే పొగ పైకొచ్చి పాప గదిలో నిండిపోతోంది. దానికసలే పిల్లికూతలు. ఆ టైములో వేరే వైపు కాల్చుకోగలరా?’

అంతే, అక్కడితో ఆపేయండి. ఆయన మొహం చిన్నబోతుంది. వెంటనే మీకు జాలేసి ‘ఫర్వాలేదులెండి, ఎప్పుడో ఒకసారి అయితే ఏం కాదు’ అనబోతారు. ఆ మాటతో అడిగిందంతా మీరే వెనక్కి తీసుకున్నట్టవుతుంది. ‘మీ ఆరోగ్యానికీ మంచిది కాదు అంకుల్’ అని కూడా అనొద్దు, ఆ మాట ఆయన ఏళ్ల తరబడి వింటూనే ఉండుంటారు. కావాలంటే ‘మీరు మర్చిపోతే మెసేజ్ పెట్టనా?’ అని అప్పుడే అడిగి ఉంచుకోండి. పాత అలవాటు, కొన్ని రోజులు మర్చిపోతారు. ముందే అనుకున్న మెసేజ్ అయితే ఎవరికీ కష్టంగా ఉండదు.

బాత్రూమ్ వాసన సంగతి మాత్రం ఆయన దగ్గర ఎత్తకండి. బాత్రూమ్ గాలి బయటికి పోయే దారి (డక్ట్) అన్ని అంతస్తులకూ ఒకటే అయితే ఆ పొగ ఏ ఇంటిదైనా కావచ్చు. వాళ్లు ఊళ్లో లేనప్పుడు కూడా వస్తోందేమో గమనించండి. గొట్టాలు గోడలోకి వెళ్లేచోట సందులుంటే సీలెంట్‌తో పూడ్పించండి. బయటి గాలి వెనక్కి తన్నకుండా ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు, అది ఆగగానే మూసుకునే మూత పెట్టించండి. కిటికీలన్నీ మూసి ఇంట్లో మరోచోట ఎగ్జాస్ట్ వేస్తే, అది సందుల్లోంచి పొగను ఇంకా లోపలికి లాగుతుంది. ఎయిర్ ప్యూరిఫయర్ పొగలోని నుసిని కొంత పట్టుకుంటుంది, వాయువులను పూర్తిగా తీసేయలేదు. వాసన తెలియకుండా రూమ్ ఫ్రెషనర్ మాత్రం కొట్టొద్దు, పాప ఊపిరితిత్తులకు అదో అదనపు బాధ.

ఒకవేళ ఆయన వినకపోతే? పొగ వచ్చిన తేదీలు, వేళలు రాసుకుని అసోసియేషన్‌కు ఇవ్వండి. ఇంట్లో కాల్చే విషయంలో వాళ్లేం చేయగలరన్నది అక్కడి నియమాలను బట్టి ఉంటుంది. అయినా మీరు ముందు స్వయంగా వెళ్లి అడిగారని తెలిస్తే మీ మాటకు విలువ ఉంటుంది.

మీవారిని కూడా వెంట తీసుకెళ్లండి, ఆయన ఏమీ మాట్లాడక్కర్లేదు. మీ ఉత్తరంలో ఆ అంకుల్ మీద కంటే మీవారి మీదే కోపం ఎక్కువగా కనిపించింది నాకు. అది తప్పు కాదు గానీ, ఆ కోపం కింది ఇంటి గుమ్మంలో బయటపడకూడదు. ‘నువ్వు నా పక్కన నిలబడితే నాకు ధైర్యం’ అని అడిగి చూడండి. ఆయన రానంటే ఒక్కరే వెళ్లండి, ఆ కారణంతో వాయిదా వేయొద్దు. ఈలోగా పాప డాక్టరుకు పొగ విషయం చెప్పండి. ఇంట్లో ఎవరూ కాల్చరు కాబట్టి మీరు చెప్పకపోతే ఆయనకు తెలిసే అవకాశం లేదు.