జపాన్‌లో వీధుల్లో ఉండే చిన్న బౌద్ధ ఆలయాల్లోకి మనలాంటివాళ్లు వెళ్లవచ్చా?

నిస్సంకోచంగా వెళ్లవచ్చు. గేటు తెరిచి ఉంటే లోపలికి నడవండి. ఎవరైనా కనబడితే తల వంచి నమస్కరించండి. నన్నడిగితే జపాన్ వచ్చినవాళ్లు ముందు చూడవలసినవి ఇవే. బంగారు మందిరాలు, పెద్ద ఎర్ర లాంతర్లు ఆ తరువాత చూసుకోవచ్చు.

నేను టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాను. మన బంధువులు, స్నేహితులు ఎవరు వచ్చినా అసకుసాలోని సెన్సోజీ అనే పెద్ద బౌద్ధ ఆలయానికి తీసుకువెళ్లమంటారు. లాంతరు కింద ఫోటో దిగి, ప్రసాదంలా తలా ఒక తాయెత్తు కొనుక్కుని, తరువాత ఎక్కడికి అంటారు. అక్కడినుంచి కాస్త దూరం నడిస్తే నిషి అసకుసా వస్తుంది. 1657లో మేయిరెకి అగ్నిప్రమాదం నగరాన్ని కాల్చేశాక హోంగాన్‌జీ ఆలయాన్ని ఇక్కడికి మార్చారు. దాని చుట్టుపక్కల సందుల్లో ఇళ్లకు ఆనుకుని చిన్న చిన్న ఆలయాలు ఇప్పటికీ ఉన్నాయి. పక్కనే కప్పాబషి, వంటపాత్రల దుకాణాల వీధి. దోసెలకు మంచి ఇనుప పెనం దొరుకుతుందని ఒక శనివారం మా ఆఫీసులో పనిచేసే జపాన్ మిత్రుడితో కలిసి అక్కడికి వెళ్లాను.

ఈ ఆలయాల గేటు పక్కన నోటీసు బోర్డు ఉంటుంది. ఏదో ఒక మంచిమాట కుంచెతో రాసి పెడతారు. ఆ రోజు ఒక బోర్డు మీద, మధ్యాహ్నం ప్రార్థన ఉంది, ఎవరైనా రావచ్చు అని ఉందని మా మిత్రుడు చదివి చెప్పాడు. చెప్పులు విడిచి లోపలికి వెళ్లాం. గడ్డిచాపలు పరిచిన చిన్న హాలు, ఎదురుగా నిలబడి ఉన్న అమితాభ బుద్ధుడు, మోకాళ్ల నొప్పులున్నవాళ్ల కోసం పొట్టి కుర్చీలు. వచ్చినవాళ్లంతా చుట్టుపక్కల పెద్దవాళ్లే. ఒక ముసలావిడ తన పక్క కుర్చీ చూపించి, ఎర్ర అట్ట పుస్తకం నా చేతిలో పెట్టారు. అక్షరాల పక్కన ఉచ్చారణ కూడా ముద్రించి ఉండటంతో నేనూ గొంతు కలపగలిగాను.

అది జోదో షిన్షూ అనే జపాన్ బౌద్ధ శాఖ ఆలయం. 13వ శతాబ్దంలో ఆ శాఖ స్థాపకుడు షిన్‌రాన్ రాసిన ‘షోషింగే’ అనే స్తోత్రం అక్కడ పఠిస్తారు. పాదానికి ఏడేసి అక్షరాలతో 120 పాదాలు. మామూలు జనం రోజూ చదువుకోవాలని రెన్‌న్యో అనే గురువు 1473లో దాన్ని అచ్చు వేయించారు. ఇప్పటికీ ఇళ్లలో చదువుతున్నారు.

పఠనం అయ్యాక టీ, బియ్యపు బిళ్లలు పెట్టారు. ఆలయం బాధ్యత చూసే జూషోకు వచ్చి కూర్చుని, “భారతదేశంలో మీది ఏ ప్రాంతం?” అని అడిగారు. దక్షిణాన, కృష్ణా నది ఒడ్డున అన్నాను. ఆయన వెంటనే నా చేతిలోని పుస్తకం తీసుకుని, పేజీలు తిప్పి, ఒక పాదం మీద వేలు పెట్టారు. ‘నాన్ తెంజికు’, అంటే దక్షిణ భారతం. ఆ తరువాతి పాదంలో ‘ర్యూజు’, అంటే నాగార్జునుడు. దక్షిణ భారతంలో నాగార్జునుడు జన్మిస్తాడని బుద్ధుడు లంక పర్వతం మీద ముందే చెప్పాడని ఆ పాదాల భావం. తరువాత నన్ను హాలు పక్కకు తీసుకువెళ్లి గోడకు వేలాడుతున్న పటం చూపించారు. ఆ శాఖ పూజించే ఏడుగురు గురువుల్లో మొదటివాడు నాగార్జునుడే. ఒళ్లు జలదరించింది. మేము పాఠ్యపుస్తకంలో ఒక పేరాలో చదివి, పరీక్షలో రాసి, మరిచిపోయిన పేరును ఇక్కడ తాతలు, అవ్వలు తరతరాలుగా కంఠస్థం చేసి పలుకుతున్నారు.

“మరి ఆయన ఉన్న చోటికి మీ ఊరివాళ్లు వెళ్లి దణ్ణం పెట్టుకుంటారా?” అని ముసలావిడ అడిగారు. నాగార్జునకొండ లోయ జలాశయం కింద ఉంది, కొండ మాత్రం ద్వీపంలా మిగిలింది, అక్కడ మ్యూజియం ఉంది అన్నాను. ప్రశ్నకు అది జవాబు కాదని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

1954 నుంచి 1960 వరకు తవ్వి బయటపెట్టిన విజయపురి అది. ఇక్ష్వాకుల రాజధాని. విహారాలు, స్తూపాలు, శాసనాలు, ఎంత సంపద! నాగార్జునుడు నిజంగా అక్కడే ఉన్నాడా అని చరిత్రకారులు వాదించుకుంటారు. టిబెట్టు సంప్రదాయం ఆయన శ్రీపర్వతం మీద ఉన్నాడంటుంది, ఆ శ్రీపర్వతం పేరు నాగార్జునకొండ శాసనంలో ఉంది. నాకు ఇంకే సందేహమూ లేదు. మనవాళ్లు మాత్రం డ్యామ్ గేట్లు ఎత్తినప్పుడు వెళ్లి, నీళ్లు చూసి, చేపల వేపుడు తిని వస్తారు. లాంచీ ఎక్కినవాళ్లలో కూడా మ్యూజియంలో శిల్పం ముందు నిలబడి చదివేవారిని నేను పెద్దగా చూడలేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

సరే, మీరు వెళ్తే పాటించవలసినవి. చప్పట్లు కొట్టకండి, అది జపాన్ స్థానిక మతమైన షింటో ఆలయాల పద్ధతి. పీఠం దగ్గరి గంట పఠనం కోసం ఉంచినది, మన గుడిలోలాగా వెళ్లగానే మోగించకూడదు. ఈ శాఖలో అగరువత్తిని నిలబెట్టరు, విరిచి బూడిద మీద అడ్డంగా పడుకోబెడతారు. ధూపం పొడి వేసేటప్పుడు నుదుటికి ఆనించరు. తాయెత్తులు, జాతకం చీటీలు అడగకండి, ఈ శాఖవారు వాటిని నమ్మరు. వెనుక సమాధులు ఉంటాయి, అవి ఎవరి కుటుంబానివో కాబట్టి ఫోటోలు వద్దు. జూషోకు కుటుంబం సాధారణంగా ఆ ఆవరణలోనే కాపురం ఉంటుంది, అందుకని భోజనాల వేళ వెళ్లకండి.

మార్చిలో, సెప్టెంబరులో హిగాన్ రోజులు, అంటే చనిపోయిన పెద్దలను తలుచుకునే రోజులు వస్తాయి. అప్పుడు చాలా ఆలయాలు అందరినీ ఆహ్వానిస్తాయి. టోక్యోలో మన భారతీయులు ఎక్కువగా ఉండే నిషి కసాయ్‌లోని తెలుగు కుటుంబాలు ఆ రోజుల్లో పిల్లలను తీసుకుని ఏదైనా జోదో షిన్షూ ఆలయానికి వెళ్లాలని నా కోరిక. ర్యూజు పటం చూపించమని జూషోకుని అడగండి. మీది ఏ ఊరో కూడా చెప్పండి.